సంతకెళ్లని గౌరి: ఆనందపురం మండలంలో ఒక బ్రూసెల్లా కేసు

బ్రూసెల్లా, అంటే పశువులు ఈసుకుపోయే (నెలలు నిండకుండానే చూలు పోయే) అంటుజబ్బు మీద మేం వెటర్నరీ వాళ్లం రాసుకునే కేసులు దాదాపు అన్నీ ఒకేలా ముగుస్తాయి. రక్తం తీశాం, ల్యాబ్‌కి పంపాం, పాజిటివ్ వచ్చింది, విడిగా కట్టుకోమని రైతుకు చెప్పాం. ఆ తర్వాత ఏమైందో ఎవరూ రాయరు. ఏమవుతుందో మాత్రం అందరికీ తెలుసు. వారం తిరక్కుండా ఆ ఆవు ఏదో ఒక సంతలో ఉంటుంది, ఇంకో నెలకి ఇంకో ఊళ్లో ఎవరి సాలలోనో ఉంటుంది. ఈ కేసులో ఆవు సంతకు వెళ్లలేదు. అందుకే దీన్ని మందుల వరకే కాకుండా మనిషితో సహా రాస్తున్నాను. ఆ రైతే రాయమన్నారు, పేరూ ఊరూ మాత్రం వద్దన్నారు.

మంద, మనిషి

విశాఖ నుంచి శ్రీకాకుళం వైపు వెళ్లే హైవే మీద ఆనందపురం చుట్టుపక్కల పూలతోటలు, కూరగాయల మడులు ఉంటాయి. ఇప్పుడు వాటికంటే లేఅవుట్ల సరిహద్దు రాళ్లే ఎక్కువ కనిపిస్తాయి. ఆ రాళ్ల మధ్య ఇంకా పశుగ్రాసం వేస్తున్న రైతు ఈయన. వయసు 60 దాటింది. రెండెకరాల చిల్లర భూమి, అందులో సగం సూపర్ నేపియర్. ఊరి చివర చిన్న జీడితోట. కొడుకు పరవాడ ఫార్మాసిటీలో షిఫ్టుల్లో పనిచేస్తాడు, కోడలూ మనవడూ ఇంట్లోనే ఉంటారు. కూతుర్ని చోడవరం వైపు ఇచ్చారు. తమ్ముడు పోయి కొన్నేళ్లయింది. మరదలు, ఆమె ఇద్దరు పిల్లలు పక్కింట్లో ఉంటారు, పొయ్యిలు వేరైనా పశువులు ఒకే సాలలో.

ఆ సాలలో కేసు నాటికి పెద్ద ఆవులు పదకొండు, పెయ్యదూడలు అయిదు, ముర్రా గేదెలు రెండు ఉన్నాయి. ఆవులన్నీ జెర్సీ సంకరాలు. పాల కోసం మాత్రమే మేపే రైతయితే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు. ఈయన దగ్గర పెయ్య దొరుకుతుందేమోనని పద్మనాభం, భీమిలి మండలాల నుంచి కూడా మనుషులు వస్తారు. చుట్టుపక్కల ఊళ్లలో "ఇది ఫలానా వాళ్ల గౌరి సంతానం" అంటే బేరం ఇంకో మెట్టు పైకి వెళ్తుంది.

1980ల్లో ఊళ్లో తొలిసారి జెర్సీ సూది (కృత్రిమ గర్భధారణ) వేయించినవాళ్లలో ఈయనొకరు. మూపురం లేని దూడ పుడితే ఊరు నవ్విందట. తండ్రి మూడు రోజులు మాట్లాడలేదట. ఆ దూడ పెరిగి పూటకి నాలుగు లీటర్లు ఇచ్చాక నవ్వులు ఆగాయి. అప్పటి నుంచి ప్రతి ఎదకీ, ప్రతి ఈతకీ లెక్క రాస్తున్నారు. పాత ఎల్‌ఐసీ డైరీలు ఒక ట్రంకుపెట్టె నిండా ఉన్నాయి. నేను తెరిచి చూసిన ఒక పేజీలో ఇలా ఉంది: ఆవు పేరు, ఎదకొచ్చిన తేదీ, పొద్దున్నా సాయంత్రమా, వీర్యం నింపిన స్ట్రా మీద అచ్చువేసి ఉన్న ఆబోతు నంబరు, అక్కడి నుంచి 21వ రోజు దగ్గర ఒక సున్నా. ఆ సున్నాలో టిక్కు పడితే మళ్లీ ఎదకు రాలేదని అర్థం. దాని కింద 280 రోజులు కూడి ఈనవలసిన తేదీ, దాని పక్కనే నిజంగా ఈనిన తేదీ.

ఈ ఆబోతు నంబరు రాసుకునే అలవాటు మన ఊళ్లలో చాలా తక్కువ. సూది వేసే అబ్బాయి కంటైనర్‌లో ఏది ఉంటే అది వేసి వెళ్తాడు, మూడేళ్ల తర్వాత ఆ ఆబోతు కూతురికే అదే ఆబోతు వీర్యం పడినా ఎవరికీ తెలీదు. తండ్రీకూతుళ్ల సంకరంలో పుట్టిన దూడకి అంతఃప్రజననం (దగ్గరి రక్తం కలవడం) 25 శాతం. చూలు నిలవకపోవడం, దూడలు అర్ధాయుష్షుతో పోవడం, పాలు తగ్గడం అన్నీ దాని వెంట వస్తాయి. ఈయన మాత్రం కంటైనర్ మూత తెరవకముందే "నంబరు సెప్పు బావూ" అంటారు. విసుక్కున్న కుర్రాళ్లున్నారు. నాకైతే మా శాఖలో సగం మందికి ఆ ఓపిక ఉంటే చాలనిపిస్తుంది.

ఆవు ఎంపికలోనూ ఆయనది సొంత లెక్క. రోజుకి ఇరవై లీటర్లు ఇచ్చే హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే విదేశీ జాతి) ఆవులు తెచ్చుకోమని సలహా ఇచ్చినవాళ్లు చాలామంది. మే నెలలో విశాఖ ఉక్కకి నాలుక బయటపెట్టి రొప్పుతూ, మేత మానేసి, ఎదకి రాకుండా నిలబడిన హెచ్‌ఎఫ్‌లని నేనూ చాలానే చూశాను. పిడుదుల వల్ల వచ్చే థైలీరియా కూడా విదేశీ రక్తం ఎక్కువున్న వాటినే గట్టిగా పట్టుకుంటుంది. ఆయనకి కావలసింది పది పన్నెండు లీటర్లిస్తూ, ఏడాదికి కాస్త అటూ ఇటూగా ఈనుతూ, ఇంటి ఆడవాళ్లు పిలిస్తే పలికే ఆవు. సగం జెర్సీ రక్తం దాటనివ్వకుండా చూసుకుంటారు. ఈ వాదనలో నేను ఆయన పక్షం.

ఆడవాళ్ల మాట వచ్చింది కాబట్టి: ఆ సాలలో పాలు పితికేది, ఎద ముందు పసిగట్టేది ఆయన భార్య. డైరీ ఆయన రాస్తారు, కబురు ఆవిడ చెబుతుంది.

ఊరితో ఆయన లావాదేవీలు ఇంకో రకం. ఎవరి ఆవైనా చచ్చిపోతే తన పెయ్యని సగం వాటాకి మేపుకోమని ఇస్తారు. కాగితం ఉండదు. అలా ఇచ్చినవి ఎన్నో అడిగితే డైరీ చూడాలంటారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు సాల రేకులు లేచిపోయాయి, జీడిచెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. కరెంటు లేదు, రోడ్లన్నీ చెట్లే, పాలబండి రాలేదు. నగరంలో పాల ధర ఆకాశంలో ఉంది. ఈయన ఊళ్లో పసిపిల్లలున్న ఇళ్లకి పాలకేంద్రం రేటుకే పోశారు, డబ్బుల్లేనివాళ్లకి ఊరికే పోశారు. ఈ సంగతి నాకు చెప్పింది ఆయన కాదు, ఆ పాలు తాగి పెరిగి ఇప్పుడు చదువుకుంటున్న కుర్రాడి తల్లి.

కోడెదూడల విషయం కూడా చెప్పాలి. మా ప్రాంతంలో సింహాద్రి అప్పన్నకి కోడెని మొక్కుకోవడం తరతరాల ఆచారం. దుక్కికి పనికిరాని జెర్సీ కోడెదూడలు ఎక్కువయ్యాక మొక్కు పేరుతో పాలు మరవని దూడల్ని కొండకింద వదిలేసి చేతులు దులుపుకునేవాళ్లూ తయారయ్యారు. ఈయన కోడెదూడకి కూడా పెయ్యతో సమానంగా పాలు విడుస్తారు, ఆరు నెలలు మేపుతారు, ఆ తర్వాతే మాట. ఇందులో నష్టమే తప్ప లాభం లేదు. "అప్పన్నకి లెక్కలు రావనుకుంటారేటమ్మా ఈళ్లు?" అంటారు.

గర్భస్రావాలు

సంక్రాంతి వెళ్లిన వారం ఫోన్ వచ్చింది. చుక్క అనే మూడో ఈత ఆవు ఏడో నెలలో ఈసుకుపోయింది, మాయ పడలేదు. అంతకుముందు నెలలోనే రాణి అనే ఇంకో ఆవుకీ అలాగే జరిగిందని నేను వెళ్లాకే తెలిసింది. పక్క ఆవు కొమ్ముతో పొడిచిందేమో అనుకుని ఊరుకున్నారట.

ఒక ఆవు ఈసుకుపోతే కారణాలు చాలా ఉంటాయి. పొడుచుకోవడం, పడిపోవడం, తీవ్ర జ్వరం, లెప్టోస్పైరా అనే క్రిమి, ఐబీఆర్ అనే వైరస్ జబ్బు. ట్రైకోమోనాస్ లాంటివైతే సాధారణంగా మొదటి మూడు నాలుగు నెలల్లోనే పిండం పోతుంది. ఒకే సాలలో వరసగా రెండు ఆవులు, రెండూ అయిదు నెలలు దాటాక, రెండింటికీ మాయ నిలిచిపోవడం అంటే మొదట బ్రూసెల్లానే అనుమానించాలి. భుజం దాకా గ్లవ్స్ వేసుకుని చుక్కని చూశాను. బయటికి వేలాడుతున్న మాయ పొర పల్చగా మెరుస్తూ లేదు. తోలులా మందంగా, మాసిన పసుపు రంగులో ఉంది. గర్భసంచికి అంటుకునే గుండీల దగ్గర చీము లాంటి జిగురు. పిండాన్ని అప్పటికే పెంటకుప్పలో పడేశారు. దాన్ని కుక్కలు ముట్టకముందే తీయించి, నాలుగడుగుల గోతిలో సున్నం వేసి పూడ్పించాను. నిలిచిపోయిన మాయని చేత్తో లాగలేదు. లాగితే ఆవుకీ మంచిది కాదు, లాగేవాడికీ మంచిది కాదు.

రాణి మాయని తీసిందెవరని అడిగాను. "నానే తీసీసినాను" అన్నారు. గ్లవ్స్? నవ్వారు.

తర్వాత కూర్చుని డైరీ తిరగేశాం. ఈ డైరీలు లేకపోతే జబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. కార్తీకమాసంలో ఒక ఈత రాసి ఉంది, కానీ ఆ ఆవుకి ఎద తేదీ లేదు, ఆబోతు నంబరు లేదు. అంటే అది బయటి నుంచి వచ్చిన ఆవు. మరదలి కొడుకు ఇంటికో ఆదాయం ఉంటుందని అలమండ సంతలో నిండు చూడి ఆవుని కొన్నాడు. దానికి విడిగా పాక లేదు. వాన కూడా పడుతోంది. తమ్ముడి పిల్లాడు మొదటిసారి సొంతంగా కొనుక్కొచ్చిన ఆవుని బయట కట్టమనడానికి పెద్దాయనకి మనసు రాలేదు. చుక్కకీ రాణికీ మధ్యలో చోటిచ్చారు. అది ఏ ఇబ్బందీ లేకుండా నెలలు నిండి ఈనింది. పక్క ఆవులు రెండూ ఆ మాయ నీళ్లు పడిన గడ్డి నాకాయి.

బ్రూసెల్లా మోసమంతా ఇక్కడే ఉంది. ఒకసారి ఈసుకుపోయిన ఆవు తర్వాతి చూలు చాలావరకు నిలబెట్టుకుంటుంది. రైతు జబ్బు తగ్గిందనుకుంటాడు, అమ్మేవాడు అలాగే చెబుతాడు. లోపల క్రిమి మాత్రం పోదు. ఆవు గర్భసంచిలో, మాయలో ఎరిత్రిటాల్ అనే పదార్థం ఎక్కువ, అది ఈ క్రిమికి ఇష్టమైన ఆహారం. చూలు కట్టిన ప్రతిసారీ అది అక్కడ పెరుగుతుంది, ఈనినప్పుడల్లా మాయతో, ఉమ్మనీటితో లెక్కలేనంతగా బయటికి వస్తుంది, పాలలోనూ వస్తూ ఉంటుంది. ఎండ తగిలితే త్వరగానే చస్తుంది. చీకటి సాలలో, తడి పేడలో వారాలు, నెలలు కూడా బతుకుతుంది. ఆవుకి మందులు పెట్టి దీన్ని వదిలించలేం, ఎందుకంటే అది కణాల లోపల దాక్కుంటుంది. 1897లో డెన్మార్క్ పశువైద్యుడు బ్యాంగ్ ఈ క్రిమిని ఆవుల్లో గుర్తించిన నాటి నుంచి నేటి వరకు పాజిటివ్ ఆవుని ఖాయంగా నెగటివ్ చేసే వైద్యం రాలేదు.

పరీక్షలు

సాలలో ఉన్న అన్నిటికీ మెడ నరం నుంచి రక్తం తీశాం. సీరం మీద రోజ్ బెంగాల్ పరీక్ష చేస్తే నాలుగు నిమిషాల్లో గులాబీ రంగు చుక్కలో నలకలు కడితే పాజిటివ్. సంత నుంచి వచ్చిన నల్లావు, చుక్క, రాణి పాజిటివ్ అంటే ఎవరూ ఆశ్చర్యపోలేదు. నాలుగోది గౌరి.

గౌరి ఈసుకుపోలేదు. అప్పటికి ఎనిమిదో నెల చూడి. నునుపైన ఒళ్లు, దిట్టమైన నడక, జబ్బు ఛాయ ఎక్కడా లేదు. ముందు ఈతలో రోజుకి 14 లీటర్ల దాకా వెళ్లిన ఆవు. ఊళ్లో వాటాలకి వెళ్లిన పెయ్యల్లో సగానికి పైగా దాని కూతుళ్లు, మనవరాళ్లు. రోజ్ బెంగాల్ అప్పుడప్పుడు వేరే క్రిముల వల్ల కూడా పాజిటివ్ చూపిస్తుంది కాబట్టి ఎలైజా అనే ఇంకో రక్తపరీక్షకి పంపాం. నెల ఆగి మళ్లీ రక్తం తీశాం. రెండూ పాజిటివ్. మొదటిసారి నెగటివ్ వచ్చిన మిగతావి రెండోసారీ నెగటివే.

రెండో శాంపిల్ రోజున ఆయన భార్య సాల గుమ్మంలో నిలబడి, చేతిలో పాలచెంబుతో, "ఆవులికి పరీచ్చలు సేత్తన్నారు, ఈయనకి ఎవులు సేత్తారమ్మా?" అంది. సాయంత్రమయ్యేసరికి జ్వరం, రాత్రి పంచె పిండుకునేంత చెమట, నడుం లేవనివ్వని నొప్పి. నెల రోజులుగా ఇదే వరస. ఊళ్లో టైఫాయిడ్ అని సెలైన్లు పెట్టారు, రెండు రోజులు తగ్గి మళ్లీ మొదలైంది. నేను పశువుల డాక్టర్ని, మనుషులకి మందు రాయకూడదు. కానీ చేతులతో మాయ తీసిన మనిషికి ఆ జ్వరమేమిటో ఊహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఆవుల రిపోర్టులు చేతికిచ్చి నగరంలో ఫిజీషియన్ దగ్గరికి పంపాను, ఆ కాగితాలు ముందు చూపించమని మరీ మరీ చెప్పి. బ్రూసెల్లా అని తేలింది. డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ కలిపి ఆరు వారాలు. మూడో వారానికి ఒళ్లు తేలికపడగానే ఆపేస్తానన్నారు. మధ్యలో ఆపితే తిరగబెట్టే జబ్బు ఇది. ఇక్కడ కోడలు పని చేసింది. మాత్రలు తన కొంగున కట్టుకుని, పూటకి పూట ఎదురుగా నిలబడి మింగించింది.

ఆ ఇంట్లో ఇంకో అలవాటుంది. మనవడికి పొద్దున్నే గుమ్మపాలు. తనూ అలాగే పెరిగానని, అందుకే ఈ వయసులోనూ గడ్డిమోపు ఎత్తగలుగుతున్నానని పెద్దాయన నమ్మకం. కాచిన పాలలో ఈ క్రిమి బతకదు, పెరుగు తోడుపెట్టేది కాచిన పాలే కాబట్టి మజ్జిగకీ భయం లేదు. డెయిరీలో పాశ్చరైజ్ చేసి ప్యాకెట్ కట్టిన పాలకీ లేదు. ప్రమాదం పొదుగు నుంచి నేరుగా గ్లాసులోకి వచ్చే పాలలో. మనవడికీ రక్తపరీక్ష చేయించాం. ఫలితం వచ్చేదాకా ఆయన అన్నం సరిగ్గా తినలేదని ఇంటివాళ్లు చెప్పారు. నెగటివ్. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో గుమ్మపాలు బంద్.

గౌరి బేరం

పాజిటివ్ వచ్చిన సంగతి ఎలా పొక్కిందో తెలీదు గానీ దళారి వచ్చాడు. గౌరికి 70 వేలు ఇస్తానన్నాడు. చూడి ఆవు, చూడముచ్చటైన ఆవు, రాత్రికి రాత్రి బండెక్కిస్తే ఎవరికీ తెలీదు. మిగతా మూడింటికీ కలిపి ఏదో ధర చెప్పాడు. కొడుకు కొంచెం మెత్తబడ్డాడు. తప్పుపట్టను. తండ్రి మంచంలో ఉన్నాడు, మందుల ఖర్చు, నాలుగు ఆవుల పాలు పోయాయి, మేత ఖర్చు తగ్గలేదు.

రైతుకి ఉన్న దారులేమిటో పక్షపాతం లేకుండా చెప్పడం నా పని కాబట్టి చెప్పాను. పాజిటివ్ ఆవుల్ని ఏరివేసి వధించి, జబ్బుని తుడిచేసుకున్న దేశాలున్నాయి. మన రాష్ట్రంలో 1977 చట్టం ప్రకారం గోవధ నిషేధం, పైగా ఈ ఇంట్లో ఆ మాట ఎత్తేవాళ్లే లేరు. సంతలో అమ్మితే జబ్బు పోదు, చిరునామా మారుతుంది. ఇక మిగిలింది విడిగా కట్టి చచ్చేదాకా మేపడం. నాలుగు ఆవులు, నాలుగు నోళ్లు. ఆ భారం పంచుకునేవాళ్లెవరూ లేరు, మొత్తం ఆయనదే.

ఆయన మంచం మీద నుంచే దళారితో అన్న మాట నేను విన్నాను: "నా ఇంట్లో సెద ఇంకోడింట్లో తగలెట్టీమంటావేట్రా? దీని పెయ్యల్ని ఈ సుట్టుపక్కల ముప్పై ఇళ్లల్లో కట్టుకున్నారు. నా మాట మీద కట్టుకున్నారు." దళారి ఇంకో అయిదు వేలు పెంచాడు. ఆయన భార్య పాలచెంబు కింద పెట్టి, "ఎల్లిరా బావూ, ఎండెక్కుతంది" అని పంపేసింది.

నేను గమనించింది ఒకటుంది. ఆ ఇంట్లో దీన్ని త్యాగమని ఎవరూ అనలేదు. ఆయన వాదనంతా పెంపకందారు వాదన. తన పేరుతో వెళ్లిన ఆవు ఇంకో సాలలో ఈసుకుపోయేలా చేస్తే నలభై ఏళ్ల డైరీలకి విలువేముందని. బ్రూసెల్లా నియంత్రణ మీద మేం పెట్టే సదస్సుల్లో ఈ కోణం ఎవరూ మాట్లాడరు. రైతుకి భయం చెబుతాం, చట్టం చెబుతాం. తన మంద పేరు మీద తనకున్న పట్టింపుని కదిపి చూడం.

జీడితోటలో పాత కాపలా పాకని బాగుచేసి నాలుగింటినీ అక్కడికి మార్చాం. వాటి పనికి వేరే చెప్పులు, వేరే చీపురు, వేరే తట్ట. అటు వెళ్లేది మరదలి కొడుకొక్కడే. తను తెచ్చిన ఆవు వల్లే ఇదంతా అని కుర్రాడు కుమిలిపోతున్నాడు. పెద్దాయన ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు, పైగా ఆ పని కావాలనే వాడికప్పగించారు, చేతికి పనుంటే కుదుటపడతాడని. పాత సాలలో నేల గీకించి, పేడంతా తీయించి, సున్నం, బ్లీచింగ్ చల్లించి, తూర్పు వైపు తడికలు తీయించి ఎండ పడేలా చేశాం.

గౌరి అక్కడే నెలలు నిండి ఈనింది, పెయ్యదూడ. ఈతకి ముందే ఏర్పాట్లు చేసుకున్నాం. తల్లి జున్నుపాలు పట్టకూడదు. కాచి పడదామంటే జున్నుపాలు విరిగిపోతాయి. పది రోజుల ముందు ఈనిన నెగటివ్ ఆవు జున్నుపాలు లీటరు సీసాల్లో పోసి కోడలి ఫ్రిజ్‌లో పైఅరలో గడ్డకట్టించి ఉంచాం. దూడ పుట్టిన గంటలోపే వాటిని గోరువెచ్చని నీళ్లలో కరిగించి పట్టాం. ఈ చిన్న ఉపాయం ఏ రైతైనా చేసుకోవచ్చు, బ్రూసెల్లా లేకపోయినా తల్లి చచ్చిపోయినప్పుడు, పొదుగువాపు వచ్చినప్పుడు దూడ ప్రాణం నిలబెడుతుంది. మాయ నాలుగు గంటల్లో పడింది, గోతిలో సున్నంతో పూడ్చాం. దూడని నాకనివ్వకుండా తల్లి దగ్గర నుంచి వెంటనే తీసేశాం. గౌరి రెండు రోజులు అరిచింది. ఆ రెండు రోజులు ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు.

పాలకేంద్రం దగ్గర

మంచం దిగి నడవగలిగిన మొదటి వారంలోనే ఆయన పొద్దున్న పాలు పోసే వేళకి కేంద్రం దగ్గరికి వెళ్లి, క్యాన్ల వరసలో నిలబడినవాళ్లందరికీ చెప్పారు. "నా సాలలో ఈసుడు జబ్బుంది, నాకూ వచ్చింది, మందులు మింగుతున్నాను, మీ ఇళ్లల్లో ఎవరి ఆవు ఈసుకుపోయినా దాచకండి, డాట్రమ్మని పిలవండి" అని. నేను ఆ రోజు అక్కడ లేను, తర్వాత పదిమంది పది రకాలుగా చెప్పారు. అందరూ ఒప్పుకున్నది ఏమిటంటే, ఒకాయన "అయితే మీ పాలు మా పాలల్లో కలపకండి" అన్నాడు. పెద్దాయన "సరే, ముందు నాదే పరీచ్చ సెయ్యమను" అన్నారు.

అలా పాల రింగ్ పరీక్షకి ఊరు ఒప్పుకుంది. ఒక మిల్లీలీటరు పాలలో రంగు కలిపిన యాంటిజెన్ (చంపిన బ్రూసెల్లా క్రిములు) చుక్క వేసి, 37 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచుతాం. క్రిమిని ఎదిరించడానికి ఒంట్లో పుట్టే ప్రతిరక్షకాలు పాలలో ఉంటే రంగంతా మీగడతో పైకి తేలి నీలం వలయం కడుతుంది, కింద పాలు తెల్లగా మిగులుతాయి. లేకపోతే పాలంతా ఒకేలా నీలంగా ఉంటుంది. కేంద్రం వెనక గదిలో గోరువెచ్చని నీళ్ల తొట్టెలో గొట్టాలు వరసగా నిలబెట్టి ఉంచితే, ఇంటికొకరు చొప్పున వచ్చి తమ గొట్టం చూసుకుని వెళ్లారు. ఆయన గొట్టంలో వలయం లేదు, పాజిటివ్ ఆవుల పాలు అప్పటికే విడిగా పోయాయి. వేరే మూడిళ్ల గొట్టాల్లో వచ్చింది. అందులో ఒకటి జబ్బు కాదు, పొదుగువాపు ఉన్న ఆవు పాల వల్ల వచ్చిన తప్పుడు వలయమని రక్తపరీక్షలో తేలింది. రెండోది నిజం, ఆ ఆవు ఇప్పుడు జీడితోటలో ఈయన ఆవుల పక్కన ఉంది, మేత వాళ్లింటి నుంచి వస్తుంది. మూడో ఇంటికి రక్తం తీయడానికి వెళ్లేసరికి కట్టుకొయ్య ఖాళీగా ఉంది. మేనమామ ఊరికి పంపామన్నారు. నేను రిపోర్టు రాశాను. ఆవు దొరకలేదు.

టీకా సంగతి. ఆడదూడలకి నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసులో ఒక్కసారి ఎస్-19 టీకా వేయాలి. 2019 సెప్టెంబర్‌లో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమంలో గాలికుంటుతో పాటు బ్రూసెల్లాకీ చోటిచ్చారు, టీకా ఉచితం, చెవికి 12 అంకెల ట్యాగ్ పడుతుంది. అయినా చాలా ఊళ్లలో ట్యాగ్ వేస్తే ఆవు పాలు తగ్గుతాయనే పుకారుతో దూడల్ని పొలాల్లోకి తోలేస్తారు. ఇది బతికున్న క్రిమితో చేసిన టీకా. చూడి పశువులకి, మగదూడలకి వేయకూడదు, వేసేటప్పుడు సూది మన చేతికి గుచ్చుకున్నా జబ్బు రావచ్చు. ఈ ఊళ్లో ఆ ఏడాది దూడల్ని ఇంటింటికీ తిరిగి పట్టించింది మేం కాదు, ఆయన భార్యా మరదలూ. వయసు లెక్క కూడా వాళ్లే చెప్పారు, ఏ దూడ ఏ పండక్కి పుట్టిందో.

ఆషాఢ పున్నమికి సింహాచలం గిరి ప్రదక్షిణ. 32 కిలోమీటర్ల దారిలో నడిచేవాళ్లకి ఏటా ఊరివాళ్లు కలిసి మజ్జిగ పంచుతారు, పాలు ఎక్కువగా ఈయనవే. ఆ ఏడు మానేద్దామన్నారు కొందరు. కాచి తోడుపెట్టిన మజ్జిగకి ఏ దోషమూ లేదని రాసిస్తావా అని నన్నడిగారు. రాసివ్వడం దేనికి, నేనే వచ్చి తాగుతానన్నాను. వెళ్లి తాగాను, ఉప్పు కాస్త ఎక్కువైంది.

ఇప్పటి సంగతి

రెండు నెలలకోసారి చొప్పున చేసిన పరీక్షల్లో సాలలో మిగిలిన ఆవులు వరసగా నెగటివ్ వచ్చాయి. అంతమాత్రాన మంద శుభ్రమైపోయిందని నేను అనను. పాజిటివ్ తల్లికి పుట్టిన పెయ్యల్లో కొన్ని జబ్బుని లోపల దాచుకుని, తొలి ఈత దాకా పరీక్షకి దొరక్కుండా ఉంటాయి. అందుకే గౌరి పెయ్యకి వేళకి టీకా పడినా, తొలిచూలు ఈని మూడు వారాలయ్యాక రక్తం చూసేదాకా దాన్ని ఎవరికీ ఇవ్వడం లేదు. అడిగినవాళ్లున్నారు. ఊళ్లోకి బయటి నుంచి ఏ ఆవు వచ్చినా ఊరి అవతల ఇంకో పాకలో నెల రోజులు ఉంచి, రక్తపరీక్ష అయ్యాకే సాలలోకి. ఈ పద్ధతి మొదలుపెట్టమని పట్టుబట్టింది మరదలి కొడుకు. దళారులకి ఇది నచ్చదు, ఆ ఊరికి రావడం తగ్గించారు. దాంతో పెయ్యల ధర పడిపోతుందని ఆయన భయపడ్డారు గానీ, పరీక్ష కాగితంతో అమ్మిన మొదటి రెండు పెయ్యలకి అడిగిన ధరే వచ్చింది.

మా ఇద్దరి మధ్య తేలని తగువొకటి ఉంది. గౌరికి మళ్లీ చూలు కట్టించాలంటారాయన. సెక్స్‌డ్ సెమెన్ వేస్తే పదింట తొమ్మిది సార్లు పెయ్యే పుడుతుంది, ఈ రక్తం నుంచి ఇంకొక్క పెయ్య చాలంటారు. జున్నుపాలు ఫ్రిజ్‌లో పెట్టడం, మాయ పూడ్చడం అన్నీ నేర్చుకున్నాం కదా, మళ్లీ చేస్తే ఏమంటారు. చూలు కడితే క్రిమి మళ్లీ పెరుగుతుంది, ఈత మళ్లీ ప్రమాదం, ఈసారి ఆ పాకలో పక్కింటివాళ్ల ఆవు కూడా ఉంది, పని చేసేది ఇరవై రెండేళ్ల కుర్రాడు అని నేనంటాను. "బాబాయ్, దాని కూతుళ్లు ఊరినిండా ఉన్నాయి కదా" అన్నాను మొన్న. "కూతుళ్లున్నాయని తల్లిని వదులుకుంటారేటి డాట్రమ్మా?" అన్నారు. గౌరి పోయిన మంగళవారం ఎదకి వచ్చింది. ఆయన డైరీలో రాసుకున్నారు, 21వ రోజు దగ్గర సున్నా కూడా చుట్టారు. సూది మాత్రం వేయలేదు.